గడప దగ్గరి తట్ట

మొన్న బెంగుళూరులోని మా యలహంక ఫ్లాటుకు జనాభా లెక్కల మనిషి వచ్చింది. దగ్గర్లోని సర్కారీ బడిలో టీచరట. ఎండలో మూడంతస్తులు ఎక్కి వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టి మాట్లాడడం బాగుండదని లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, ఫోను తీసి "మనె యజమానరు యారు?" అని కన్నడంలో అడిగింది. ఇంటి యజమాని ఎవరని. నేను నోరు తెరిచేలోగానే సోఫాలో పేపరు చదువుతున్న మా ఆయన వైపు ఒక చూపు చూసి, తలుపు మీద బోర్డులో ఉన్న ఆయన పేరు టకటకా కొట్టేసుకుంది. ఆయనగారు తలెత్తితే కదా. ఈ ఇంట్లో గ్యాసు ఎప్పుడు అయిపోతుందో, నీళ్ళ మోటారు ఎవరు వేస్తారో, చివరికి తన కళ్ళజోడు ఎక్కడ పెట్టుకున్నారో కూడా తెలియని యజమాని. నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఎందుకంటే ఇదే ప్రశ్న నూరేళ్ళకు పైగా వెనక కాడుగోడిలో మా ఇంటి ముందు నిలబడి ఒకాయన అడిగాడు. దానికి ఆయనకు వచ్చిన జవాబేమిటో తెలుసుకోవడానికి నేను రిటైరైన కొత్తలో ఒక ఏడాది పోగొట్టుకున్నాను. పోగొట్టుకున్నానని మా ఆయన అంటారు. నేననను.

మా పుట్టిల్లు కాడుగోడి. ఇప్పుడు అక్కడ దిగి పాత ఊరు ఎటు అని అడిగితే ఆటోవాళ్ళు "ఏ టెక్ పార్కు మేడం" అని ఎదురడుగుతారు గాని, నా చిన్నప్పుడు అది రైల్వే స్టేషనూ, సంతా, చుట్టూ రాగిచేలూ ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో ఏది ముందు నోటికొస్తే అది. ఆ ఇంట్లో మమ్మల్ని పెంచింది మా మేనత్త, నాయనకు చెల్లెలు. పెళ్ళయిన మూడో ఏట మొగుడు పోతే, పంతొమ్మిదేళ్ళ వయసులో ఒక ట్రంకు పెట్టెతో పుట్టింటికి తిరిగొచ్చింది. ఆ పెట్టె మళ్ళీ గడప దాటలేదు. వయసులో మా అమ్మ కంటే చిన్నదే గాని పెత్తనంలో అందరికంటే పెద్దది. ఆమె నోటికి భయపడనివాళ్ళు మా వీధిలో లేరు. పాలు పోసే ఆయన చెంబు వంచుతూ ఉంటే "ఏమప్పా, మీ ఆవు చెరువులో మునిగి వచ్చినాదా?" అని నెమ్మదిగా అడిగేది. ఆయన మరుసటి రోజు నుంచి మా ఇంటికి మాత్రం చిక్కటి పాలు పోసేవాడు.

ఏటా పెద్దల అమావాస్య వస్తే మా నడింట్లో పీట వేసి, దాని మీద పోయినవాళ్ళ పేరిట కొత్త పంచెలూ చీరలూ మడతపెట్టి, ముందు ఆకులు పరిచి, రాగిసంకటి, కోడికూర, వడలు, పాయసం అన్నీ వడ్డించి, సాంబ్రాణి పొగ వేసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఇంతవరకు మా చుట్టాల ఇళ్ళన్నిటిలోనూ ఉండేదే. మా ఇంట్లో మాత్రం ఇంకొకటి ఉండేది. గడపకు లోపలి పక్క, గోడ మూలకు, మన్ను మోసే వెదురు తట్ట ఒకటి పెట్టేవాళ్ళు. పూలబుట్ట పనికిరాదు, మన్ను తట్టే కావాలి. దాని అడుగున గుప్పెడు ఎర్రమన్ను, ఆ మన్ను మీద అంచు లేని బూడిదరంగు చీర. పసుపు లేదు, కుంకుమ లేదు. ఆకు కూడా వేయరు. తట్ట ముందు నేల మీద ఒక సంకటి ముద్ద, అంతే. ఎవరికిది అని అడిగితే "తట్టలో అవ్వకు" అనేవాళ్ళు. ఏ అవ్వ అంటే "పెద్దాయన పెండ్లాం అయ్యుంటాది లే, పో, ఆడుకో పో" అనేవాళ్ళు.

పీట దగ్గర పనంతా నాయనది. తట్ట దగ్గర పని అత్తది. మొగుడు పోయిన మనిషి పీట ముట్టుకోకూడదట, తట్టకైతే ఆ పట్టింపు లేదట. మరునాడు పీట మీది బట్టలు మా అమ్మా నాయనా కట్టుకునేవాళ్ళు, తట్టలోని చీర అత్త కట్టుకునేది. ఏడాదికి ఆమెకు వచ్చే కొత్త చీర అదొక్కటే. అడుగున తగిలిన ఎర్రమన్ను మరక ఎంత ఉతికినా పూర్తిగా పోయేది కాదు. అరవై పైచిలుకు చీరలు అట్లా మరకతోనే కట్టింది. అప్పుడు మాకెవరికీ అందులో వింతేమీ కనబడలేదు. కనబడలేదన్నదే ఇప్పుడు నన్ను పీడిస్తుంది.

ఇక పెద్దాయన సంగతి. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఉగ్గుతో పాటు తాగించే కథ అది. ధాత కరువులో, అక్కడ మనుషులు ఆకులలములు తిని బతుకుతున్న రోజుల్లో, పెద్దాయన కదిరి సీమ నుంచి రెండెద్దులు తోలుకుని, భుజాన మడక, అంటే నాగలి, వేసుకుని, ఇంత దూరం నడిచొచ్చాడు. అప్పుడిదంతా అడవి. అడవి కొట్టి చేను చేశాడు, బావి తవ్వాడు, ఇల్లు నిలబెట్టాడు. ఈ కథ అత్త చెబుతూ ఉంటే చూసి వచ్చి చెబుతున్నట్టే ఉండేది. ఒక ఎద్దుకు కుడి కొమ్ము విరిగింది. రెండోది నీళ్ళ గుంత కనబడితే కదలదు. రాత్రి దొంగలు వస్తే కొమ్ము విరిగిన ఎద్దే రంకె వేసి లేపింది. ఇవన్నీ ఎవరు చెప్పారత్తా అంటే "చెప్పేదేమి, అట్లే ఉండింటాది" అనేది. పీట దగ్గర నాయన అందరికంటే ముందు "పెద్దాయనా, రా సామీ" అని పిలిచి, ఆ తర్వాత మా ముత్తాత నుంచి పేర్లు మొదలుపెట్టేవాడు. ముత్తాతకు తండ్రి ఈ పెద్దాయన. ఆయన పేరేమిటో ఎవరికీ తెలియదు.

నాయన పోయి, పీట దగ్గరి పని మా తమ్ముడి చేతికి వచ్చి, అత్తకు ఎనభై అయిదు దాటి, చూపు బాగా మందగించాక, ఒక రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ముప్పై ఏళ్ళు టెలిఫోన్ల శాఖలో పని చేశాను, అందులో ఎక్కువ భాగం ఎంక్వైరీలో. పేరు చెబితే నంబరు చెప్పడం నా పని.

"ఊరోళ్ళ నంబర్లన్నీ వెదికిస్తివి కదమ్మే," అంది. "మనింటి పెద్దాయన పేరు రొంత వెదకలేవా?"

"ఇప్పుడు పేరెందుకత్తా?"

"నేను పోయేదాన్ని. ఆడికి పోయినాక ఎవరని అడగాల? పెద్దాయన ఉండాడా అంటే, ఆడ ఉండేదంతా పెద్దాయనలే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "పేరు లేకుండా పిలుస్తా ఉంటే ఇన్నేండ్లూ ఆయప్ప వచ్చి తిన్నాడో లేదో. వచ్చే ఏటికి నేనుంటానో ఉండనో. ఈ అమావాస్యకు పేరు పెట్టి పిలవాల" అంది. జన్మలో ఆమె నన్ను అడిగింది ఇదొక్కటే. నా ఫీజులు నాయనతో పోట్లాడి కట్టించిన మనిషి, నా రెండు కాన్పులూ చేసిన మనిషి, ఒక పేరు తెచ్చిపెట్టమంటే తేలేనా అనుకున్నాను.

తేలేకపోయాను. పేరు చెబితే మనిషిని పట్టుకోవచ్చు గాని, పేరే లేని మనిషిని ఏ అక్షరం కింద వెతకను? ఇంట్లో ఉన్న పాత పట్టా తీశాను. అందులో ముత్తాత పేరుంది, తండ్రి పేరు రాయవలసిన చోట ఏమీ లేదు. బంధువులందరికీ ఫోన్లు చేశాను. చందాపురలో ఉండే మా పినతండ్రి కొడుకు అయితే "అక్కా, పేరు తెలీకుంటే ఇప్పుడు ఏం మునిగిపోయింది, ఒకటి పెట్టేద్దాం" అన్నాడు. ఆలోచించిన కొద్దీ తప్పు ఎక్కడుందో అర్థమైంది. మా ఇళ్ళలో పెండ్లాం మొగుడి పేరు పలకకూడదు. కోడలు అత్తమామల పేర్లు పలకకూడదు. తాత పేరు మనవడికి పెట్టినా, ఆ పిల్లవాణ్ణి తల్లి "అబ్బోడా" అనే పిలవాలి. పిల్లలకు కథలు చెప్పేదేమో ఆడవాళ్ళు. పేర్లు పలకకూడనిదీ ఆడవాళ్ళే. ఇక ఎద్దుల కొమ్ములు గుర్తుంటాయి గాని మనుషుల పేర్లెట్లా గుర్తుంటాయి?

అప్పుడు ఎవరో జనాభా లెక్కలు చూడమన్నారు. తెల్లదొరల కాలం నుంచీ పదేళ్ళకొకసారి రాస్తున్నారు కదా, అందులో దొరక్కపోతాడా అని టౌనుకు పోయి, పాత దస్త్రాలుండే ఆఫీసులో వారం రోజులు కూర్చున్నాను. లావుపాటి పుస్తకాలు. మా తాలూకాలో ఇన్ని ఇళ్ళు, ఇంతమంది మగవాళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు ఇంతమంది. ఆ "ఇంతమంది"లో మా పెద్దాయన ఒకడని తెలుసు, కాని ఏ ఒకడు? నా అవస్థ చూసి అక్కడి గుమాస్తా జాలిపడ్డాడు. ఆయనా మన తెలుగాయనే. "దీంట్లో లెక్క ఉండాది మేడం, మనుషులుండరు. ఇంటింటికీ పోయి పేర్లు రాసుకునింది మీ ఊరి శానుభోగులు. ఆయన వంశమోళ్ళ ఇంట్లో అడగండి, చిత్తుకాగితాలేమన్నా ఉంటాయేమో" అన్నాడు. శానుభోగు అంటే మన కరణమే. అంతవరకు రాని ఆలోచన అది. వారం రోజులు దుమ్ము మింగాక ఊరికి పొమ్మన్నాడన్నమాట.

శానుభోగుల మునిమనవడు మా పాత ఇంటికి రెండు వీధుల అవతలే ఉన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు. చిన్నప్పుడు నేను ఆయన ఇంటి ముందు తొక్కుడుబిళ్ళ ఆడాను కూడా. అటక మీది ఎర్రగుడ్డ మూట దించి, దుమ్ము దులిపి, "వీటి కోసం ఇంతవరకు ఎవరూ రాలేదమ్మా, చెదలు తప్ప" అన్నారు. గొలుసుకట్టు పాత కన్నడం. నేను చదవలేకపోయాను. ఆయన భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క ఇల్లే చదువుతూ వచ్చారు. కాఫీ రెండుసార్లు వచ్చింది. మా ముత్తాత పేరు వినబడగానే ఆపమన్నాను. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాను.

"మనె యజమాన," అని వేలు పెట్టి చదివారు. "ఓబులక్క. విధవ. వయసు ఇరవై రెండు. ఊరు కదిరి సీమ. మాట తెలుగు. పని, చెరువు కట్టకు మన్ను మోసేది. కొడుకు ఒకడు, అయిదేండ్లు." ధాత కరువు వచ్చిన నాలుగైదేళ్ళకు రాసిన లెక్క అది, ఆ అయిదేండ్ల కొడుకే మా ముత్తాత.

"పెద్దాయన? వాళ్ళాయన పేరు?" అన్నాను.

"గండన హెసరు హేళలిల్ల అని రాసిండాడు. మొగుని పేరు చెప్పలేదంట." మాస్టారు నవ్వారు. "చెప్పేదెట్లమ్మా, అప్పటి ఆడోళ్ళు చెప్తారా? ఇంకోటి కూడా రాసిండాడు. కరువులో బిడ్డతో ఒంటిగా వచ్చింది, ఎద్దు, ఆవు, మేక ఏమీ లేదు అని."

అంటే ఎద్దులు లేవు. మడక లేదు. పెద్దాయన కదిరి దాటనే లేదు, దాటినా దారిలోనే పోయాడు. వచ్చింది ఆమె, కరువులో పుట్టిన పసిబిడ్డతో, పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్ల. మాస్టారు మూటలో ఇంకో కట్ట విప్పారు. పదేళ్ళ తర్వాతిది. అదే ఇల్లు. యజమాన, ఓబులక్క. కొడుకు పదిహేను. పని, సేద్యం. స్వంత బావి. ఆయన భూతద్దం పక్కన పెట్టి "ఒకటి చూడండమ్మా. మిగతా ఇండ్లల్లో మొగుడు లేకుంటే, మీసం రాని పిల్లోడున్నా వాని పేరే యజమాన అని రాసినాడు మా ముత్తాత. ఈ ఒక్క ఇంట్లో రాయలేదు. ఆయమ్మ రాయనిచ్చిండదు" అన్నారు.

అక్కడి నుంచి తిన్నగా మా ఇంటి పెరటికి పోయాను. బావి మీద ఇప్పుడు సిమెంటు పలక వేసి ఉంది, పైన బోరు మోటారు. ఆ పలక మీద కూర్చున్నాను. పగలంతా కూలికి చెరువు కట్ట మీద మన్ను మోసి, పొద్దుగూకాక ఇంటికొచ్చి తన బావిలోంచి తన మన్ను మోసి ఉంటుంది. మనుషుల్ని పెట్టి తవ్వించడానికి ఆమె దగ్గర ఏముంది? ఎన్ని తట్టలో, ఎన్నేళ్ళో. ఇరవై రెండేళ్ళప్పుడు నేనేం చేస్తున్నానని గుర్తు చేసుకున్నాను. నన్ను వేరే ఎక్స్‌ఛేంజికి మార్చారు, రెండు బస్సులు ఎక్కాలని ఏడుస్తున్నాను. సిగ్గేసింది. ఆ తరువాత గర్వమనిపించింది. నా ఒంట్లో ఉండేది కూడా ఆ నెత్తురే కదా అని, ఎవరూ చూడకుండా నా చేతులు నేనే చూసుకున్నాను.

కాని అత్తకెట్లా చెప్పను? పేరు తెమ్మంటే ఆమె పెద్దాయన్నే లేకుండా చేసి వచ్చాను. డెబ్బై ఏళ్ళుగా మేపిన ఎద్దుల్ని ఒక్క పూటలో ఎట్లా తోలెయ్యను? పదిహేను రోజులు కాడుగోడి వైపు పోలేదు. ఫోను చేస్తే "ఇంకా వెతుకుతున్నా" అని అబద్ధమాడాను. అమావాస్యకు మూడు రోజులుందనగా ఇక తప్పదని పోయాను. వంటింటి గడప మీద కూర్చుని తడుముకుంటూ వెల్లుల్లి వలుస్తోంది. అడుగుల చప్పుడుకే "వచ్చినావామ్మే, పేరు దొరికిందా?" అంది. పక్కన కూర్చుని, ఏదీ దాచకుండా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పాను.

"ఎద్దులు?" అంది చివర్లో.

"లేవత్తా."

"కొమ్ము విరిగింది కూడానా?"

"అది కూడా లేదు."

చేతిలోని వెల్లుల్లి పక్కన పెట్టింది. ఆ తర్వాత తనలో తాను అన్నట్టు "అయితే బిడ్డను తట్టలో పెట్టుకొని నెత్తిన మోసుకొచ్చిండాది" అంది. "లేకుంటే మనింట్లో తట్టెందుకుంటాది? ఆయమ్మ తెచ్చింది అదొక్కటే. పాపం ఆయమ్మ కోడలు మొదటిసారి తట్ట పెట్టిండాది. అత్త పేరు పలకరాదు కదా, ఊరికే పెట్టిండాది." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రానోణ్ణి పీట మీద కూర్చోబెట్టినాము. వచ్చినామెను గడపకాడ కూర్చోబెట్టినాము. ఎంత పని చేస్తిమే."

మా అత్త ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. మా నాయన పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళకు కాఫీలు అందాయా లేదా అని చూసుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, ముక్కు చీది, "ఏం పేరన్నావు?" అంది. చెప్పాను. "కోడండ్లు పలకరాదు. నేను ఈ ఇంటి ఆడబిడ్డను. నేను పలకచ్చు" అంది. నెమ్మదిగా, ఒకసారి, ఆ పేరు పలికింది. ఆ ఇంట్లో ఆ పేరు అంతకుముందు ఎవరైనా గట్టిగా పలికారో లేదో నాకు తెలియదు.

మరునాడు పొద్దున్నే తమ్ముణ్ణి పిలిచి ఈసారి తట్టలోకి అంచున్న చీర తెమ్మంది. ఎర్రంచు, వెడల్పుది. "విధవ చీర కదత్తా, అంచు..." అన్నాడు వాడు. "యజమానురాలి చీరప్పా. పోయి తే" అంది. వాడు పోయి తెచ్చాడు. అమావాస్య నాడు తట్టలో గుప్పెడు ఎర్రమన్ను ఎప్పటిలాగే వేసింది, దాని మీద ఆ చీర మడత పెట్టింది. గడప దగ్గర పెడుతుందనుకుంటే రెండు చేతులా ఎత్తుకుంది. నేను లేచాను, తమ్ముడు లేచాడు, ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. చూపు సరిగా ఆనని మనిషి, జీవితంలో ఏనాడూ పీట దగ్గరికి పోనివ్వని మనిషి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నడింటికి పోయి, పీట మధ్యలో పంచెలన్నీ పక్కకు జరిపి తట్ట దించింది. మొదటి ఆకు దాని ముందే వేయించింది. "ఓబులక్కా, రా తల్లీ. లోపలికి రా" అని పిలిచింది. ఆ తర్వాత తమ్ముడి వైపు తిరిగి "ఊఁ, ఇంక నీ పెద్దాయన్ని పిలుచుకో. పక్కన కూర్చుంటాడు" అంది. పెద్దాయన్ని మేమింకా అట్లాగే పిలుస్తున్నాం. ఆయన పేరు ఓబులక్క ఒక్కదానికే తెలుసు, ఆమె చెప్పదు.

మరునాడు అత్త ఆ ఎర్రంచు చీర కట్టుకుంది. పంతొమ్మిదో ఏట ట్రంకు పెట్టెతో దిగినాక ఆమె ఒంటి మీద అంచు చూడడం అదే మొదలు. వీధిలో ఎవరైనా ఏమైనా అంటారేమోనని నేను కాచుకుని ఉన్నాను, ఎవరూ అనలేదు. అనే ధైర్యం ఎవరికుంది? ఇంకో రెండు అమావాస్యలకు ఉంది, ఇంకో రెండు అంచు చీరలు కట్టింది. పోయే ముందు వారం నాతో "ఇప్పుడు భయం లేదమ్మే, ఆడ ఎవరని అడగాలో తెలుసు" అంది. ఇప్పుడు తట్టలో రెండు చీరలు పెడుతున్నాం. ఇద్దరి పేర్లూ నేనే పిలుస్తాను, నేనూ ఆ ఇంటి ఆడబిడ్డనే కాబట్టి.

టీచరమ్మ ఫోను మూసి లేవబోతుంటే కూర్చోమన్నాను. యజమాని పేరు మార్చమన్నాను. ఆమె ఒకసారి సోఫా వైపు, ఒకసారి నా వైపు చూసి, నవ్వి, నా పేరు అడిగి రాసుకుంది. అప్పుడు మా ఆయన పేపరు దించి "మరి నన్నేమని రాశారు?" అని అడిగారు. "భర్త అని" అన్నాను. "అది నిజమే" అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. ఆ అమ్మాయి మెట్లు దిగిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. కాడుగోడి ఇంట్లో గడప నుంచి పీట దాకా నాలుగడుగులు. కదిరి నుంచి బిడ్డను మోసుకుంటూ నడిచొచ్చిన మనిషికి, ఆ నాలుగడుగులు నడవడానికి నూరేళ్ళ పైనే పట్టింది.